మన యూజిన్ అక్క

2024 ఆగస్టు 9, తెల్లవారుజామున నాలుగు దాటింది. దక్షిణ కొరియాలోని సువాన్‌లో మా అపార్ట్‌మెంట్ మొత్తం నిద్రలో ఉంది. మా హాల్లో మాత్రం టీవీ వెలుగుతోంది. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి నైట్ డ్రెస్ మీదే తైక్వాండో బెల్టు కట్టుకుని, సోఫా ఎక్కకుండా నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. పారిస్‌లో అప్పటికి ఇంకా గురువారం రాత్రే. అక్కడి గ్రాన్ పలే భవనంలో ఒలింపిక్స్ తైక్వాండో, ఆడవాళ్ళ 57 కిలోల ఫైనల్. ఒక పక్క కొరియా అమ్మాయి కిమ్ యూజిన్, ఇంకో పక్క ఇరాన్ అమ్మాయి నాహిద్ కియానీ. మొదటి రౌండ్ 5-1. రెండోది 9-0. అయిపోయింది.

"అమ్మా, మనం గెలిచాం!" అని అరిచి నా మెడకు చుట్టుకుపోయింది.

దాన్ని ముద్దు పెట్టుకున్నాను. సంతోషంగానే ఉంది. కానీ ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మనం. మనమెవరం? మాది తెనాలి. మా పాస్‌పోర్టుల మీద మూడు సింహాలున్నాయి. ఉద్యోగం కోసం వచ్చి నాలుగేళ్ళయింది, ఇంకెన్నేళ్ళుంటామో మాకే తెలియదు. పిల్ల మాత్రం ఏ సందేహమూ లేకుండా "మనం" అనేసింది.

ఇక్కడివాళ్ళకి ఒక మాటుంది, ఊరి. చెవికి మన "ఊరి" లాగే వినబడుతుంది. మా, మన, రెండింటికీ అదే మాట. తోబుట్టువులు లేని పిల్లవాడు కూడా "నా అమ్మ" అనడు, ఊరి ఓమ్మా అంటాడు. దేశమంటే ఊరి నారా. తెలుగులో అలా కాదు. "మా ఇల్లు" అంటే వినేవాళ్ళది కాదు. "మన ఇల్లు" అంటే వినేవాళ్ళది కూడా. ఇంత తేడాని మన భాష రెండు అక్షరాల్లో పెట్టుకుంది. కొరియన్‌లో ఆలోచించి తెలుగులో మాట్లాడే పిల్ల ఆ రెండింట్లో ఏది పట్టుకుంటుందో అప్పటిదాకా నేను గమనించనేలేదు.

దాన్ని దోజాంగ్‌లో, అంటే తైక్వాండో బడిలో, చేర్చింది నేనే. పెద్ద ఆలోచన చేసి కాదు. ఇక్కడ స్కూల్ మధ్యాహ్నానికే వదిలేస్తారు. గేటు దగ్గర పసుపు రంగు వ్యాన్లు వరసగా నిలబడి ఉంటాయి, చాలావరకు దోజాంగ్‌లవే. వాళ్ళే ఎక్కించుకుని, క్లాసు అయ్యాక ఇంటి దగ్గర దింపుతారు. పిల్లకి భాష రాదు, స్నేహితులు లేరు, దిగులుగా ఉండేది. పక్కింటావిడ చెప్తే చేర్చాం. మూడు నెలల్లో భాష వచ్చేసింది. మాష్టారిని క్వాన్‌జాంగ్‌నిమ్ అనాలని, ఆయన ముందు రెండు చేతులూ పక్కలకి ఆనించి నడుం వంచాలని అదే నాకు నేర్పింది.

రెండు విషయాలు మాత్రం నాకు వెంటనే మింగుడుపడలేదు.

ఒకటి జెండా. క్లాసు మొదలయ్యే ముందు పిల్లలంతా గోడ మీది కొరియా జెండా వైపు తిరిగి గుండె మీద చెయ్యి పెట్టుకుంటారు. తెల్ల దోబొక్, అంటే తైక్వాండో దుస్తుల, భుజం మీద కూడా అదే జెండా కుట్టి ఉంటుంది. ఉతికి ఆరేసినప్పుడల్లా ఆ గుడ్డముక్క నా వేళ్ళకి తగిలేది. జనగణమన పూర్తిగా రాని పిల్ల ఇంకో జెండాకి చెయ్యెత్తుతోందే అని లోపల ముల్లులా గుచ్చుకునేది.

రెండోది కాళ్ళు. మనింట్లో కాలు తగిలితే వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంటాం. పుస్తకానికి తగిలినా అంతే, మనిషికి తగిలినా అంతే. తైక్వాండో అంతా కాలితోనే. ఒంటి మీద తంతే రెండు పాయింట్లు, తల మీద తంతే మూడు, తిరిగి తంతే ఇంకా ఎక్కువ. మా అమ్మ వీడియో కాల్‌లో ఒకసారి చూసి, "ఎదుటివాళ్ళ తల మీద కాలు పెట్టడమేమిటే, పాపం కదూ" అంది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు పిల్లే చెప్పింది, మాటలతో కాదు. ఒక రోజు తల్లిదండ్రులని పిలిచి క్లాసు చూపించారు. జంటలుగా నిలబెట్టి తన్నడం ప్రాక్టీస్ చేయిస్తున్నారు. మా పిల్లకి జంటగా ఇంకో చిన్నపాప. ఇద్దరూ వంగి నమస్కారం చేసుకున్నారు, తన్నుకున్నారు, మళ్ళీ వంగి నమస్కారం చేసుకున్నారు. అంతవరకు అందరూ చేసేదే. తర్వాత నీళ్ళు తాగడానికి నడుస్తూంటే మా పిల్ల పాదం ఆ పాప కాలికి పొరపాటున తగిలింది. వెంటనే వంగి, తాకి, కళ్ళకద్దుకుంది. ఆ పాప అయోమయంగా చూసింది. క్వాన్‌జాంగ్‌నిమ్ పిలిచి ఏంటది అని అడిగారు. మా అమ్మాయి కొరియన్‌లో ఏదో చెప్పింది. ఆయన తల ఊపి, ఆ తాకడాన్ని తనూ ఒకసారి చేసి చూశారు. బరిలో నమస్కారం చేసి తన్నొచ్చు, బరి బయట కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. దాని మనసులో ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావడం లేదు. అడ్డు వస్తాయని భయపడింది నేనే.

కిమ్ యూజిన్ మా ఇంట్లోకి వచ్చింది ఆ తర్వాత. ఆమె పుట్టింది 2000లో. తైక్వాండో పతకాల ఆటగా ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది కూడా ఆ ఏడాదే, సిడ్నీలో. చిన్నప్పుడు ఆమెని తైక్వాండోలో చేర్చమన్నది వాళ్ళ నాయనమ్మో అమ్మమ్మో, కొరియన్‌లో ఇద్దరినీ హల్మొనీ అనే అంటారు. పిల్ల తనని తాను కాపాడుకోవాలని ఆవిడ కోరిక. ఒలింపిక్ బంగారం గెలిచాక యూజిన్ మొదట తలుచుకున్నవాళ్ళలో హల్మొనీ ఉంది. తనకి తైక్వాండో నేర్పించినందుకు థ్యాంక్స్ చెప్పింది. అది విని మా అమ్మాయి నా వైపు చూసింది. అమ్మమ్మకి చెప్పాలి అంది.

పారిస్ దాకా ఆ పిల్ల దారి సాఫీగా ఏమీ లేదు. ర్యాంకింగ్ ద్వారా చోటు రాలేదు. ముందు దేశంలో సెలెక్షన్ గెలవాలి, తర్వాత 2024 మార్చిలో చైనాలోని తైఆన్‌లో ఆసియా అర్హత పోటీలు నెగ్గాలి. రెండూ నెగ్గి పారిస్ వెళ్ళేసరికి ఆమె ప్రపంచ ర్యాంకు 24. మొదట టర్కీకి చెందిన ఐదో ర్యాంకు ఇల్గున్‌ని, తర్వాత కెనడాకి చెందిన నాలుగో ర్యాంకు స్కైలర్ పార్క్‌ని, సెమీస్‌లో చైనాకి చెందిన నంబర్ వన్ లువో జోంగ్‌షీని, ఫైనల్లో రెండో ర్యాంకు కియానీని ఓడించింది. అంతకుముందు టోక్యో ఒలింపిక్స్‌లో కొరియాకి తైక్వాండోలో ఒక్క బంగారం కూడా రాలేదు. ఆట పుట్టిన దేశానికి అదెంత బాధో ఇక్కడుంటే తెలుస్తుంది. ఆడవాళ్ళ 57 కిలోల్లో అయితే సిడ్నీ, ఏథెన్స్, బీజింగ్ మూడుసార్లూ వీళ్ళదే బంగారం. తర్వాత పదహారేళ్ళు రాలేదు.

ఆమె ఎత్తు 183 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకి 57 కిలోలు అంటే తిండి ఎంత కట్టేసుకోవాలో ఊహించండి. రోజుకి ఒక్కపూటే తిని, వేల తన్నులు ప్రాక్టీస్ చేసిందని ఆమే చెప్పింది. బరిలో చూస్తే ముందు కాలు పైకి లేపి, దించకుండా, తలుపు గడియలా అడ్డం పెడుతుంది. ఎదుటివాళ్ళు లోపలికి రాలేరు. మా అమ్మాయి టేపు తెచ్చి గుమ్మం చెక్క మీద 183 కొలిచి, అక్కడ పచ్చ స్టిక్కర్ అంటించమంది. వాళ్ళ నాన్న తల కన్నా పైకి వచ్చింది. ఇప్పటికీ అది ఉంది. ప్రతి నెలా కింద నిలబడి తల పైకెత్తి చూసుకుంటుంది.

నేను మాత్రం ఆ రోజు యూజిన్‌తో పాటు మిగతా ముగ్గురు అమ్మాయిలని కూడా చూస్తూ ఉండిపోయాను. స్కైలర్ పార్క్ కెనడాలోని విన్నిపెగ్ అమ్మాయి. తండ్రిది కొరియా మూలం, ఆయనే ఆమె కోచ్. ఆ క్వార్టర్ ఫైనల్ మాకు రాత్రి భోజనం వేళకి వచ్చింది. పార్క్ అనే పేరు తెర మీద చూసి మా అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగింది. "ఈ అక్క కూడా కొరియానే కదా, మరి ఆ జెండా ఏంటి?" అంది. కెనడాలో పుట్టింది, కెనడా తరఫున ఆడుతుంది అన్నాను. "వాళ్ళ నాన్న ఎవరు గెలవాలనుకుంటారు?" అంది. కూతురు గెలవాలనే అనుకుంటారు అన్నాను. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం నేను తడుముకోలేదు. స్కైలర్ ఆ మ్యాచ్ ఓడిపోయినా, తర్వాత కాంస్యం గెలుచుకుంది.

ఇంకో కాంస్యం కిమియా అలీజాదేది. 2016లో రియోలో ఇరాన్ తరఫున కాంస్యం గెలిచింది, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి ఇరాన్ మహిళ ఆమే. 2020లో దేశం వదిలేసింది. టోక్యోలో శరణార్థుల జట్టులో ఆడి, పాత సహచరి అయిన ఈ కియానీనే ఓడించింది. పారిస్‌కి బల్గేరియా తరఫున వచ్చింది. ఈసారి కియానీ ఆమెని ఓడించింది. ఒక్క బరువు విభాగం, ఒక్క రోజు. పుట్టిన దేశానికి ఆడినవాళ్ళు, కుటుంబం వలస వచ్చిన దేశానికి ఆడినవాళ్ళు, పుట్టిన దేశాన్ని వదిలి ఆడినవాళ్ళు, అందరూ ఆ చాప మీదే. ఎవరు పిలిచినా రెఫరీ మాటలు మాత్రం కొరియన్‌లోనే, షిజాక్ అంటే మొదలు, కల్యొ అంటే విడిపోండి. కిమియా గురించి పిల్లకి అప్పుడు చెప్పలేదు. ఇంకొంచెం పెద్దయ్యాక చెప్తాను. అది చిన్న కథ కాదు.

తెలుగు అమ్మాయిలని చూపించాలని నేను పడ్డ తాపత్రయం కూడా చెప్పాలి. ఆ ఒలింపిక్స్‌లోనే మన సింధు ఆటకి కూర్చోబెట్టాను. చైనా అమ్మాయి హె బింగ్‌జియావో చేతిలో ఓడిపోయినప్పుడు ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. నాలుగు రోజుల తర్వాత అదే బింగ్‌జియావోని ఫైనల్లో కొరియా అమ్మాయి ఆన్ సె-యంగ్ ఓడించింది. "చూశావా అమ్మా, సింధు అక్క తరఫున సె-యంగ్ అక్క గెలిచింది" అంది పిల్ల. టోక్యోలో సింధు కాంస్యం గెలిచినప్పుడు ఆమె కోచ్ పార్క్ తే-సాంగ్ అనే కొరియన్ అని అప్పుడు చెప్పాను. దానికది వింతగా ఏమీ అనిపించలేదు.

దోజాంగ్‌లో అప్పుడప్పుడు ఇంటికి ఒక పని ఇస్తారు, అమ్మానాన్నలకి సేవ చెయ్యమని. ఒక శనివారం నా భుజాలు వంద లెక్కపెట్టి నొక్కాలి. హనా, దుల్, సెత్, నెత్ అని మొదలుపెట్టింది. చిన్న వేళ్ళు, కానీ గట్టివి. తెలుగులో లెక్కపెట్టవే అన్నాను. ఒకటి, రెండు బాగానే సాగింది. ఇరవై తొమ్మిది దగ్గర ఆగింది. చేతులూ ఆగాయి. "ఇరవై పది" అంది. నేను నవ్వలేదు. ముప్ఫై అన్నాను. ముప్ఫై అంది, నొక్కింది. అలా ప్రతి పది దగ్గరా ఆగి, అడిగి, వంద దాకా వచ్చాం. మరుసటి వారం తనే వచ్చి భుజాల మీద చేతులు వేసింది. నలభై దాకా ఆగలేదు.

ఆ తెల్లవారుజాము మాట మీద చాలా రోజులు ఆలోచించాను. అది "మా దేశం గెలిచింది" అని ఉంటే, నేను బయటే ఉండిపోయేదాన్ని. అది "మనం" అంది. ఆ జెండా దగ్గరికి, ఆ బరి దగ్గరికి నన్ను కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఎవరూ నేర్పకుండా దానికా మాట ఎలా దొరికిందో గాని, నాకు మాత్రం ఆ రెండక్షరాలతో ముల్లు ఊడి వచ్చినట్టైంది. ఇప్పుడు దోబొక్ ఆరేసేటప్పుడు ఆ జెండా ముడత పడకుండా సరిచేసి ఆరేస్తాను.

సంక్రాంతికి తెనాలి వెళ్ళాం. రాత్రి అమ్మ పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, గోరుముద్దలు పెడుతోంది. పదేళ్ళ పిల్లకి ముద్దలేంటమ్మా అంటే వినదు. పిల్ల తింటూ యూజిన్ అక్క కథ చెప్తోంది. హల్మొనీ చేర్చిందని, ఇంత పొడుగని, రోజుకి ఒక్కపూటే తినేదని. అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఒక్కపూటా? అంత పొడుగు పిల్ల? వాళ్ళ హల్మొనీ ఎలా ఊరుకుందే?"

"బరువు పెరగకూడదు అమ్మమ్మా. పెరిగితే ఆడనివ్వరు."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. ముద్ద గుండ్రంగా చేసి, మధ్యలో ఆవకాయ ముక్క అద్ది, పిల్ల నోటి దగ్గర పెట్టింది.

"గెలిచేసింది కదా. ఇప్పుడైనా కడుపునిండా తింటోందా మన పిల్ల?"