డ్రైవరు కారు

"డ్రైవరు కారేమిట్రా? డ్రైవరుకి కారెవరిస్తారు?" అని మా నాన్న ఫోన్లో అడిగినప్పుడు నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆయన తెనాలి డిపోలో ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయిన మనిషి. ఆయన లెక్కలో డ్రైవరంటే ఒక ఉద్యోగం, కారంటే వెనక సీట్లో కూర్చునేవారి ఆస్తి. మన ఊళ్ళలో ఇప్పటికీ కారు కొనేవారు చాలామంది ముందుగా చూసేది వెనక కాళ్ళు చాపుకోవడానికి చోటుందా, ఏసీ గాలి అక్కడిదాకా వస్తుందా అనే. అమెరికాలో మోటర్ ట్రెండ్ లాంటి కార్ల పత్రికలు ఏటా 'బెస్ట్ డ్రైవర్స్ కార్' అని ఒకదాన్ని ఎంపిక చేస్తాయనీ, ఆ ఎంపికలో వెనక సీటు ఉందో లేదో కూడా ఎవరూ పట్టించుకోరనీ, నడిపే మనిషికి కలిగే ఆనందాన్నే అక్కడ తూకం వేస్తారనీ వివరించాను. ఆయన కాసేపు ఊరుకుని, "నడిపితే ఆనందమేమిట్రా, నడుం నొప్పి గానీ" అన్నారు.

నాకు ఈ గొడవంతా పట్టడానికి కారణం నా ఉద్యోగం. కార్ల కంపెనీలకు స్టీరింగ్ యూనిట్లు తయారుచేసి అమ్మే ఒక సంస్థలో, డెట్రాయిట్ పడమటి శివార్లలో, 2011 చివర చేరాను. నా పని కాలిబ్రేషన్. స్టీరింగ్ తిప్పినప్పుడు లోపల ఒక సన్నని ఉక్కు కడ్డీ పిసరంత మెలిపడుతుంది. ఆ మెలికను సెన్సర్ కొలుస్తుంది. ఎంత మెలికకు మోటారు ఎంత సాయం చేయాలి, ఎంత వేగంలో ఆ సాయం ఎంత తగ్గాలి, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను ఎంత చురుగ్గా మధ్యకు రావాలి అన్న అంకెలను నాలాంటివాళ్ళు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, పరీక్షల కారులో పక్క సీట్లో కూర్చుని, ఒక్కొక్కటే సరిచేస్తారు. నేను చేరేనాటికి పరిశ్రమంతా నూనె ఒత్తిడితో పనిచేసే పాత హైడ్రాలిక్ పద్ధతిని వదిలి ఎలక్ట్రిక్ మోటారు వైపు నడుస్తోంది. పాత పద్ధతిలో నూనె పంపును ఇంజను ఎప్పుడూ తిప్పుతూనే ఉండాలి, తిన్నగా పోతున్నా సరే; మోటారు అయితే తిప్పినప్పుడే కరెంటు తీసుకుంటుంది. ఇంధనం ఆదా అవుతుంది. దానంతట అదే పార్కింగ్ చేసుకునే కారు కావాలన్నా, గీత దాటితే సర్దుకునే కారు కావాలన్నా మోటారు తప్పదు.

పత్రికల వాళ్ళకు మాత్రం ఇది నచ్చలేదు. మోటారు వచ్చాక రోడ్డు సంగతి చేతికి తెలియడం లేదన్నది వారి ఫిర్యాదు. 2011లో మోటర్ ట్రెండ్ పత్రిక 'బెస్ట్ డ్రైవర్స్ కార్'గా ఎంపిక చేసిన ఫెరారీ 458 ఇటాలియాలో ఉన్నది హైడ్రాలిక్ స్టీరింగే. అదే ఏడాది పోర్షా తన 911ను కొత్త తరంలోకి మార్చి, అందులో మొదటిసారి ఎలక్ట్రిక్ స్టీరింగ్ పెట్టినప్పుడు, దశాబ్దాలుగా ఆ కారు స్టీరింగ్‌ను మెచ్చుకుంటూ వచ్చినవాళ్ళు ఇంట్లో ఎవరో పోయినంత పని చేశారు. తీరా 2012లో మోటర్ ట్రెండ్ విజేత ఆ 911 కరెరా ఎస్సే అయింది. ఆ వార్త వచ్చిన రోజు మా ఆఫీసులో ఎవరో డోనట్లు తెచ్చారు. పోర్షా మా ఖాతాదారు కాదు, ఆ యూనిట్ మాది కాదు, అయినా పండగే. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదనుకోండి: 2016లో గెలిచిన మెక్‌లారెన్ 570ఎస్, 2017లో గెలిచిన ఫెరారీ 488 జీటీబీ రెండూ నూనెను నమ్ముకున్న కార్లే.

ఇక ఆ ఎంపిక జరిగిన తీరు. మోటర్ ట్రెండ్ వాళ్ళు ఆ ఏడాది కొత్తగా వచ్చినవో, బాగా మార్పులు జరిగినవో అయిన కార్లను సుమారు ఒక డజను దాకా కాలిఫోర్నియాలో పోగుచేసేవారు. ముందు అంకెల పని: సున్నా నుంచి 60 మైళ్ళ వేగం అందుకోవడానికి ఎన్ని క్షణాలు, ఆ వేగం నుంచి ఆగడానికి ఎన్ని అడుగులు, మలుపులో టైర్లు ఎంత పట్టు చూపాయి. దీంతోపాటు అప్పట్లో వాళ్ళ పరీక్షల విభాగం అధిపతి అయిన కిమ్ రేనాల్డ్స్ రూపొందించిన ఒక పరీక్ష ఉండేది. కారును ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి కాలం కొలిచేవారు. దీన్ని గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు గుంటూరు ఆర్టీఓ ఆఫీసు వెనక మైదానం గుర్తొచ్చి నవ్వాగలేదు. లైసెన్సు కోసం నాచేత స్కూటరు మీద ఎనిమిది వేయించింది అక్కడే.

తర్వాత రోడ్డు. చాలా ఏళ్ళు వాళ్ళు ఇందుకు వాడుకున్నది కాలిఫోర్నియా 198వ నంబరు రహదారిలో కొండల మధ్య ఉన్న ఒక ముక్క. హైవే పెట్రోల్ పోలీసుల సాయంతో ఆ కొన్ని మైళ్ళూ మూసివేయించి, న్యాయనిర్ణేతలు ఒక కారు దిగి వెంటనే ఇంకో కారెక్కి, అదే మలుపుల్లో అన్నిటినీ నడిపేవారు. వెంటవెంటనే ఎక్కడం చాలా ముఖ్యం, ఎందుకంటే చేతుల జ్ఞాపకం గంటకు మించి ఉండదు. ఈ మాట నా అనుభవంతో అంటున్నాను. ఆ పైన మాంటెరే దగ్గరి లగూనా సెకా రేస్ ట్రాక్. 2.238 మైళ్ళ ట్రాకులో 11 మలుపులు. వాటిలో 'కార్క్‌స్క్రూ' అనే జంట మలుపు దగ్గర నేల ఒక్కసారిగా సుమారు ఐదున్నర అంతస్తుల లోతుకు జారిపోతుంది. అక్కడ అన్ని కార్లనూ ప్రాణం పెట్టి నడిపే పని ర్యాండీ పోబ్స్ట్ అనే రేసు డ్రైవరుది. నడుపుతూనే కారు ఏం చేస్తోందో నోటితో చెబుతూ పోయేవాడు. ముందు టైర్లు తిప్పినంత తిరగక ముందుకే జారుతున్నాయనో, బ్రేకు వదలగానే వెనక భాగం తేలికైపోయిందనో ఆయన చెప్పే మాటలు నాకు ఆయన సాధించిన కాలం కంటే ఎక్కువ పనికొచ్చేవి. చివరికి అందరూ కూర్చుని వాదించుకుని ఓట్లు వేసేవారు. ట్రాకులో అన్నిటికంటే వేగంగా తిరిగిన కారే గెలవాలన్న నియమం ఉండేది కాదు.

నా దృష్టిలో ఈ మొత్తం తతంగంలో విలువైన ఘట్టం ఆ వాదనే, ఎందుకంటే తీర్పు చెప్పడం ఎంత కష్టమో ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలంలోనే నాకు తెలిసింది. మా పరిశ్రమలో కారు నడక మీద అభిప్రాయాలకు ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసే కొలబద్ద ఒకటి ఉంది. ఐదు అంటే సరిహద్దు, అంతకు తగ్గితే ఒప్పుకోవడానికి లేదు. నాకు మొదటిసారి కాగితం ఇచ్చి నాలుగు కార్లు నడిపించారు. అప్పటికి నేను కారు నడపడం నేర్చుకుని రెండేళ్ళు. అదీ చదువుకునే రోజుల్లో నలుగురం కలిసి కొన్న పాత కొరొల్లా మీద, డెట్రాయిట్ మంచులో. కాగితం నిండా ఏడులు వేసి ఇచ్చాను. తక్కువ వేస్తే ఎవరి మనసు నొచ్చుకుంటుందో, ఎక్కువ వేస్తే ఎందుకని అడుగుతారేమో అన్న భయం. హెచ్1 వీసా మీద కొత్తగా చేరినవాడికి ఏడు చాలా సురక్షితమైన అంకె. మా సీనియరు ఇంజనీరు మిషిగన్ పల్లెలో పుట్టినాయన, పద్నాలుగో ఏట నుంచే పొలంలో పికప్ ట్రక్కు నడిపినవాడు. ఆ కాగితం చూసి, కోప్పడకుండా, "ఇందులో నీ సంతకం తప్ప సమాచారమేమీ లేదు" అన్నాడు.

యూరప్‌లో 1964 నుంచి 'కార్ ఆఫ్ ది ఇయర్' ఎంపిక చేస్తున్న పాత్రికేయుల మండలికి ఈ జబ్బు సంగతి బాగా తెలిసినట్టుంది. అక్కడ ఒక్కొక్క సభ్యుడి చేతిలో 25 పాయింట్లుంటాయి. వాటిని కనీసం ఐదు కార్లకు పంచాలి, ఏ ఒక్క దానికీ పదికి మించి ఇవ్వకూడదు, మొదటి స్థానం రెండు కార్లకు సమానంగా కట్టబెట్టకూడదు, ఇచ్చిన అంకెలకు కారణాలు పేరుతో సహా అచ్చవుతాయి. అది డ్రైవర్ల కారు పోటీ కాదు, సంసారపక్షపు కార్లు కూడా అందులో గెలుస్తాయి. అయినా ఆ నియమావళి చదివినప్పుడు నా ఏడుల కాగితం కళ్ళ ముందు కదిలింది.

వాదనే వద్దు, గడియారం చాలు అనేవారు కూడా ఉన్నారు. మాకు దగ్గర్లో ఆన్ ఆర్బర్ నుంచి వెలువడే కార్ అండ్ డ్రైవర్ పత్రిక 2006 నుంచి 'లైట్నింగ్ ల్యాప్' పేరుతో వర్జీనియా ఇంటర్నేషనల్ రేస్‌వేలో కార్లను పరుగెత్తించి, వచ్చిన కాలాలను అచ్చేస్తోంది. గడియారం అబద్ధమాడదు నిజమే గానీ, దానికి టైర్ల ధరా తెలియదు, నడిపినవాడు చెమటలు కక్కాడా నవ్వుకున్నాడా అన్నదీ తెలియదు. రోడ్ అండ్ ట్రాక్ పత్రిక 2020కి ఎంచిన 'పెర్ఫార్మెన్స్ కార్ ఆఫ్ ది ఇయర్' హ్యుందాయ్ వెలోస్టర్ ఎన్. అప్పట్లో దాని ధర మొదలయ్యేదే 30 వేల డాలర్ల లోపు. దానికి నాలుగైదు రెట్లు, అంతకు మించీ పలికే కార్లు పక్కన నిలబడి ఉండగా దాన్ని ఎంచుకోవడం గడియారానికి చేతకాని పని.

మోటర్ ట్రెండ్ 2014 విజేత షెవ్రొలే కమారో జడ్/28 గురించి మాత్రం మా నాన్నతో చెప్పి ఉండాల్సింది కాదు. 75 వేల డాలర్ల కారు. ఏడు లీటర్ల ఇంజను, 505 హార్స్ పవర్. రేసు టైర్లకు చుట్టాల్లాంటి టైర్లు. బరువు తగ్గించాలని వెనక అద్దాన్ని పలుచన చేశారు, స్పీకర్లు ఒక్కటికి కుదించారు, అదీ సీటు బెల్టు గంట మోగడానికి. ఏసీ కావాలంటే అదనంగా డబ్బు కట్టాల్సి వచ్చేది. "ఏసీ లేని బండికి అంత డబ్బా? ముప్పై ఏళ్ళు ఊరికే నడిపానే" అన్నారాయన. కానీ ఆ రోజే ఇంకో మాట కూడా అన్నారు. ఆయన కాలంలో డ్యూటీ దిగగానే బండి లోపాలు డిపోలో రాసి ఇవ్వాలి. "స్టీరింగ్ ప్లే ఉంది" అనో, "ఎడమకు లాగుతోంది" అనో, "బ్రేకు అందడం లేదు" అనో రాస్తే మెకానిక్కులకు అర్థమయ్యేది. ఒక్కో బండికి మాత్రం లోపమేదీ కనపడదట. అయినా డ్రైవర్లెవరూ దాన్ని తీసుకోవడానికి ఇష్టపడేవారు కారట. ఆ సంగతి కాగితం మీద రాయడానికి మాట దొరక్క, "బండి చేతికి రావడం లేదు" అనుకుని ఊరుకునేవారట. మా ఆఫీసులో మేము పదిహేను గ్రాఫులు గీసి చెప్పాలని చూసేది ఆ సంగతే.

పత్రికల తీర్పులు వేదవాక్కులని నేననుకోను. మా దగ్గరే ఒక ఖాతాదారు కంపెనీ మేనేజరు ఒక సమావేశానికి ఏదో సమీక్షలోని అరవాక్యం, 'స్టీరింగ్ మొద్దుబారినట్టుంది' అన్నది, ప్రింటు తీసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ అరవాక్యానికి మేము మూడు నెలలు పనిచేశాం. చివరికి ఆయన కోరింది స్పోర్ట్ మీట నొక్కితే స్టీరింగ్ బరువెక్కడం. బరువు వేరు, కబురు వేరు అని ఎంత చెప్పినా వినలేదు. అసలు బరువెక్కించడం మాకు పది నిమిషాల పని. టైరు దగ్గర జరుగుతున్నది చేతిదాకా తేవడమే కష్టం, ఎందుకంటే గతుకుల అదురును వడపోయడానికి పెట్టిన జల్లెడలోనే ఆ కబురు కూడా చిక్కుకుపోతుంది. పైగా ఆ కారును కొనేవాళ్ళెవరు? డెట్రాయిట్ శివారు నోవైలో మా తెలుగు స్నేహితుల ఇళ్ళ ముందు ఉండేవి హోండా ఒడిస్సీ, టయోటా సియెన్నా లాంటి పెద్ద కుటుంబాల వ్యాన్లు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలూ, పిల్లల సైకిళ్ళూ, కాస్ట్‌కో నుంచి తెచ్చిన బియ్యం బస్తాలూ అందులో పట్టాలి, ఒంటి చేత్తో పార్కు చేయగలగాలి. వాళ్ళు ఓట్లు వేస్తే నేను మెచ్చుకునే స్టీరింగ్ ఒక్కటీ గెలవదు. ఈ న్యాయనిర్ణేతల్లో ఎక్కువమంది కుర్రతనం నుంచే వంకర రోడ్ల మీద సరదాకు కార్లు తోలినవాళ్ళన్న అనుమానం కూడా నాకుంది; వాళ్ళ చేతులకు అలవాటైనదే వాళ్ళకు రుచిస్తుంది కదా.

ఆ అనుమానం తీర్చుకుందామనే, ఒకసారి ఆఫీసు పని మీద శాన్ హోసే వెళ్ళినప్పుడు, మిగిలిన శనివారం నాడు ఆ 198వ నంబరు రోడ్డు చూడడానికి బయలుదేరాను. అద్దెకు తీసుకున్నది మామూలు మధ్యరకం సెడాన్. శాన్ లూకస్ దగ్గర 101వ నంబరు రహదారి దిగి తూర్పుకు తిరిగితే ఎండిన గడ్డితో పచ్చగా కాక పసుపుగా కనిపించే కొండలు, అక్కడక్కడా ఓక్ చెట్లు, ప్రీస్ట్ వ్యాలీ దాటేదాకా ఎదురొచ్చినవి మూడో నాలుగో బండ్లు. ఆ రోడ్డును ఎందుకు ఎంచుకున్నారో పది మైళ్ళలో తెలిసిపోయింది. మలుపు మధ్యలో ఒక ఎగుడుదిగుడు వస్తుంది, దాన్ని దాటేలోగా రోడ్డు వాలు మారుతుంది, వెంటనే ఇంకో మలుపు లోపలికి ముడుచుకుంటుంది. పరీక్షల మైదానంలో మేము విడివిడిగా పెట్టుకునే చిక్కులన్నీ అక్కడ ఒకదాని మీద ఒకటి పడతాయి. నా సెడాన్ స్టీరింగ్ మాత్రం ప్రతి మలుపులోనూ ఒకే కబురు చెప్పింది, అంటే ఏమీ చెప్పలేదు. కోలింగా చేరి, నూనె బావుల పంపులు తలలూపుతుండగా పెట్రోలు పోయించుకుని, రసీదు వెనక్కి తిప్పి అలవాటు కొద్దీ మార్కులు వేశాను: మధ్యలో పట్టు 5, తిరిగి రావడం 6, రోడ్డు కబురు 4. నాలుగు వేయడానికి చెయ్యి వణకలేదు.

సోమవారం ఆఫీసులో ఆ మోడల్‌కు స్టీరింగ్ ఎవరిదో వాకబు చేస్తే, మాదే. నేను చేరకముందు మా జట్టు చేసిన పని; సెట్టింగుల మీద ఉన్న సంతకం మా సీనియరుది. రసీదు వెనక వైపు ఆయనకు చూపించాను. చదివి, "నాలుగా? నేనైతే మూడున్నర వేద్దును, కానీ వాళ్ళు గడువు రెండు నెలలు తగ్గించారు" అన్నాడు. ముందు వైపు అకౌంట్స్ అమ్మాయి చదివింది. కోలింగాలో మనకు ఖాతాదారులెవరున్నారని ఆమె మెయిల్ రాసింది. ఆ పెట్రోలు డబ్బు నేనే కట్టుకున్నాను.