ఇరవై కిలోల దగ్గర పోయిన ఉద్యోగం

ఎంపిక జాబితాలో నా నంబరు కనిపించినప్పటి నుంచి ఏయే పుస్తకాలు చదివారని మిత్రులు అడుగుతూనే ఉన్నారు. ఆ పుస్తకాలన్నీ మీ దగ్గర ఉన్నవే. మొదటి ప్రయత్నంలో ప్రాసిక్యూటర్ ఉద్యోగం నా చేయి జారడానికి కారణమైన ఒక్క సమాధానం గురించి చెబితే మీకు ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

డిస్క్రిప్టివ్ పేపరులో మాదకద్రవ్యాల చట్టం మీద ఒక ప్రాబ్లం ఇచ్చారు. ముద్దాయి దగ్గర దొరికిన గంజాయి సరిగ్గా 20 కిలోలు. అతనికి ఏ శిక్ష వర్తిస్తుందో, బెయిలును ఎలా వ్యతిరేకిస్తారో రాయాలి. పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చే గంజాయి కేసులను విశాఖ కోర్టులో మా సీనియర్‌గారి వెనుక నిలబడి మూడేళ్లు చూసినదాన్ని. ఆ ధీమాతో అది కమర్షియల్ క్వాంటిటీ (అత్యంత కఠిన శిక్ష పడే వ్యాపార పరిమాణం) అని, కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్ల కఠిన కారాగార శిక్ష, లక్ష నుంచి 2 లక్షల వరకు జరిమానా పడతాయని, అలాంటి కేసుల్లో బెయిలుకు కఠిన షరతులు పెట్టే సెక్షన్ 37 అడ్డు వస్తుంది కాబట్టి బెయిలు ఇవ్వరాదని నాలుగు పేజీలు నింపి, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నాను.

మర్నాడు సీనియర్‌గారు ప్రశ్న విని, "అమ్మా, నిర్వచనాలు ఎప్పుడైనా చదివావా?" అని మాత్రమే అన్నారు. సెక్షన్ 2లో కమర్షియల్ క్వాంటిటీ అంటే నోటిఫికేషన్‌లో చూపిన పరిమాణం కంటే ఎక్కువ అని ఉంది. 2001 అక్టోబరు నోటిఫికేషన్ గంజాయికి చూపినది 20 కిలోలు. కాబట్టి సరిగ్గా 20 కిలోలు స్మాల్ (కొద్ది పరిమాణం), కమర్షియల్ క్వాంటిటీల నడుమ ఉన్న మధ్యరకం కిందికే వస్తుంది. అప్పుడు కనీస శిక్ష అంటూ లేదు, శిక్ష 10 ఏళ్ల వరకు, జరిమానా లక్ష వరకు. సెక్షన్ 37లోని కఠిన షరతులూ వర్తించవు, ముద్దాయిని నిర్బంధంలో ఉంచి దర్యాప్తు చేయడానికి కమర్షియల్ కేసుల్లో ఇచ్చే 180 రోజుల గడువూ దొరకదు. స్మాల్ క్వాంటిటీకి ఇదే తిరగేసి చదవాలి: నోటిఫికేషన్ గంజాయికి చూపిన 1 కిలో కంటే తక్కువ ఉండాలి గనుక సరిగ్గా 1 కిలో గంజాయికి ఏడాది లోపు శిక్షతో సరిపెట్టే వీలు లేదు. నేను డబ్బు కట్టి తెచ్చుకున్న కోచింగ్ నోట్సులో '20 కిలోలు - కమర్షియల్' అని రెండే మాటలున్నాయి. తప్పు వారిదని కొన్నాళ్లు తిట్టుకున్నాను గానీ, బేర్ యాక్టు (వ్యాఖ్యానం లేని చట్టం మూలప్రతి) నా సంచిలోనే ఉంది కదా.

ఆ తర్వాత ఆరు నెలలు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో నిర్వచనాలతోనే రోజు మొదలుపెట్టాను. పూత, కాయ పట్టిన కొమ్మల చివర్లే గంజాయి అని, అవి లేకుండా ఉన్న ఆకులు, గింజలు ఆ మాట కిందికి రావని చదివాక, సోదా జరిగిన చోట సాక్షుల సమక్షంలో రాసే మధ్యవర్తుల నివేదికలో తూకం ఎలా రాశారన్నదే నా కంటికి ముందు కనిపించేది. మిశ్రమమైతే కలిపిన పదార్థంతో సహా మొత్తం బరువు లెక్కించాలన్న 2020 నాటి సుప్రీంకోర్టు హీరాసింగ్ తీర్పును దాని పక్కనే పెట్టుకుని చదవండి. సోదాల నియమాలున్న సెక్షన్ 42, 50, దర్యాప్తు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును సాక్ష్యంగా వాడరాదన్న తూఫాన్ సింగ్ తీర్పు అందరూ చదివేవే, వాటి జోలికి పోను.

కోర్టుకు రావడం మానేసిందని తోటి జూనియర్లు ఎద్దేవా చేశారు. నేను మానలేదు, గంజాయి కేసులున్న రోజునే వెళ్లాను, అంతే. రోజుకు పదహారు గంటలు చదివామని చెప్పుకునేవారు సగం సేపు ఫోను చూస్తారన్నది నా అనుభవం. నేను ఐదు గంటలే చదివాను, ఫోను ఇంట్లో వదిలేసి.

ఈసారి పేపరులో తూకం 20 కిలోల 400 గ్రాములు. 180 రోజులు ముగిసే ముందు దర్యాప్తు అధికారి గడువు పొడిగించమని సొంతంగా పిటిషన్ వేశాడు. పొడిగింపు కోరవలసింది పబ్లిక్ ప్రాసిక్యూటర్ నివేదిక అని, అందులో దర్యాప్తు ప్రగతి, నిర్బంధం కొనసాగించడానికి ప్రత్యేక కారణాలు ఉండాలని, అది లేకపోతే ముద్దాయికి డిఫాల్ట్ బెయిలు (గడువులోగా దర్యాప్తు ముగియనందుకు దక్కే బెయిలు) హక్కు వస్తుందని రాశాను. అయితే అంతకన్నా ముందు, మొదటి వాక్యంలోనే, ఆ 400 గ్రాముల సంగతి రాశాను.