స్టీల్ డబ్బా మూత

మా అబ్బాయి ఫస్ట్ గ్రేడ్‌లో చేరిన కొత్తలో, దాదాపు రెండు నెలలు, లంచ్ డబ్బా నిండుగా ఇంటికి తిరిగొచ్చేది. పులిహోర పెడితే పులిహోర, ఇడ్లీ పెడితే ఇడ్లీ. ఎందుకు తినలేదంటే "ఆకలెయ్యలేదమ్మా" అనేవాడు. నేనే ఒక నిర్ణయానికి వచ్చేశాను. పక్క పిల్లలు ఏదో అనుంటారు, మన తిండి అందరి ముందూ తినాలంటే సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. అమెరికాలో పిల్లల్ని పెంచే మనందరికీ ఈ భయం ముందునుంచే ఉంటుంది. పులిహోర మానేసి పాస్తా పెట్టాను. అదీ తిరిగొచ్చింది.

అసలు సంగతి కనిపెట్టింది స్కూల్లో పనిచేసే ఆక్యుపేషనల్ థెరపిస్ట్. ఆవిడ ఒకరోజు లంచ్ టైమ్‌లో వాడికి కాస్త దూరంగా కూర్చుని గమనించారు. వాడు డబ్బా క్లిప్పు తీయబోయాడట, రాలేదు. ఇంకోసారి లాగాడట. తర్వాత డబ్బా పక్కకు జరిపి, బెల్ కొట్టేదాకా ఊరికే కూర్చున్నాడట. ఎవరినీ సాయం అడగలేదు. మన తిండితో వాడికి ఏ ఇబ్బందీ లేదు. మూత రాలేదు, అంతే. ఆ మాట విన్న రోజు నేను కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. రెండు నెలలు నా బిడ్డ ఆకలితో ఉన్నాడు, నేనేమో మెనూ మారుస్తూ కూర్చున్నాను.

ఆవిడ మా జీవితంలోకి వచ్చింది టీచర్ వల్ల. రెండు లైన్లు రాయగానే చేయి నొప్పి అంటున్నాడని, కాగితం చిరిగేంతగా పెన్సిల్ నొక్కుతున్నాడని, కత్తెర పట్టుకోలేకపోతున్నాడని, కుర్చీలోంచి జారిపోతున్నాడని, ఇంటికొచ్చే వేళ జాకెట్ జిప్పు పెట్టుకోకుండా ఎవరైనా వస్తారేమో అని నిలబడి ఉంటాడని పేరెంట్ మీటింగ్‌లో చెప్పారు. పరీక్ష చేయిద్దాం, మీ అంగీకారం కావాలి అన్నారు. మావారు "మగపిల్లలకి రాత కొంచెం ఆలస్యంగానే వస్తుంది" అన్నారు. ఫోన్‌లో అమ్మకి చెబితే, "ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కదే, ఆరేళ్ల పిల్లాడికి ఉద్యోగమేంటి?" అని కంగారుపడింది.

అమ్మ అడిగిందే నేను థెరపిస్ట్‌ని అడిగాను. మనిషి రోజంతా చేసే పనులన్నీ ఆక్యుపేషన్ కిందికే వస్తాయని చెప్పారావిడ. పిల్లాడికైతే రాయడం, కత్తిరించడం, తినడం, బట్టలు వేసుకోవడం, ఆడుకోవడం, లైన్‌లో నిలబడటం. ఇందులో ఏది అడ్డుపడి చదువు ఆగుతోందో చూడటమే స్కూల్లో ఆవిడ పని.

ఇది స్కూలు దయతో చేసే సాయం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. వైకల్యమున్న పిల్లల చదువు కోసం 1975లో అమెరికాలో వచ్చిన ఆ చట్టాన్ని 1990 నుంచి ఐడియా అనే పేరుతో పిలుస్తున్నారు. ప్రభుత్వ స్కూల్లో ఇచ్చే థెరపీకి మనం డబ్బేమీ కట్టక్కర్లేదు. మనం ఏ వీసా మీద ఉన్నామన్నది దీనికి అడ్డు కాదు. మనం రాతపూర్వకంగా ఒప్పుకున్నాక 60 రోజుల్లో పరీక్షలు పూర్తి చేయాలి, కొన్ని రాష్ట్రాలు సొంత గడువు పెట్టుకున్నాయి. ఆ తర్వాత అవసరముంటే ఐఈపీ అనే, ఆ ఒక్క పిల్లాడి కోసమే తయారుచేసే చదువు ప్లాన్ రాస్తారు. ఆక్యుపేషనల్ థెరపీ అందులోని ప్రత్యేక బోధనకి అనుబంధంగా వచ్చే సర్వీసు. ప్రత్యేక బోధన అవసరం లేని పిల్లలకి, అర్హత ఉంటే, వైకల్యం ఉన్నవాళ్ల మీద వివక్ష చూపకూడదనే 1973 నాటి చట్టంలోని 504 సెక్షన్ కింద ఏర్పాట్లు చేయవచ్చు. మావాడికి రాతలో ప్రత్యేక బోధన కూడా కావాల్సొచ్చింది కాబట్టి ఐఈపీ వచ్చింది.

పరీక్షల్లో భాగంగా ఆవిడ నన్ను అడిగిన ఒక ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "ఇంట్లో వాడు తనంతట తాను చేసుకునే పనులేంటి?" నాకు జవాబు దొరకలేదు. అన్నం నేనే కలిపి తినిపిస్తాను. స్నానం నేనే చేయిస్తాను. స్కూలు బస్సు తప్పిపోతుందని బొత్తాలు, సాక్సు, బూట్లు అన్నీ నేనే. మన ఇళ్లలో పిల్లాడికి ముద్దలు పెట్టడం ప్రేమ. నన్నూ మా అమ్మ అలాగే పెంచింది. థెరపిస్ట్ తప్పు పట్టలేదు, ఇందువల్లే ఇలా అయిందని కూడా అనలేదు. వాడి వేళ్లలో బలం తక్కువ, దానికి కారణం నేను కాదు. కానీ ఆ వేళ్లకి పని దొరికే అవకాశాలన్నీ నా చేతులే తీసేసుకుంటున్నాయని అప్పుడు అర్థమైంది.

అన్నంలో పప్పు ఎలా కలుపుతాం, వేళ్ల చివర్లతో ముద్ద ఎలా చేస్తాం, బొటనవేలితో నోట్లోకి ఎలా నెడతాం అని ఆవిడ నన్ను చేసి చూపించమన్నారు. పెన్సిల్ పట్టుకోవడానికి కలిసి పనిచేయాల్సిన వేళ్లు కూడా ఇవేనని, చెంచా అలవాటు చేయొద్దని, చేత్తోనే, కానీ వాడి చేత్తోనే తిననివ్వమని చెప్పారు. ఈ దేశంలో చేత్తో తినడం గురించి ఎప్పుడూ సంజాయిషీ ఇచ్చుకున్న నాకు, ఆ రోజు గుండె నిండిపోయింది.

ఐఈపీ మీటింగ్‌లో మాత్రం టెన్షన్ పడ్డాను. బల్ల చుట్టూ ఆరుగురు, చేతిలో బోలెడు కాగితాలు. టీచర్ మాటకి ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లం కదా, తల ఊపేసి సంతకం పెట్టబోయాను. అలా చేయనక్కర్లేదు. తల్లిదండ్రులు ఆ టీమ్‌లో సభ్యులు. కాగితాలు ఇంటికి తీసుకెళ్లి చదువుకోవచ్చు, ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉంటే దుబాసీ కావాలని అడగవచ్చు. మన అంగీకారం లేనిదే మొదటిసారి సర్వీసులు మొదలుపెట్టరు. "రాత మెరుగవుతుంది" అని రాసి ఉన్న లక్ష్యం చూసి, ఎంత, ఎప్పటికి, ఎలా కొలుస్తారు అని అడిగాను. మార్చి రాశారు.

వారానికి ముప్పై నిమిషాలే కదా అనుకున్నాను. కానీ ఆవిడ పని ఆ అరగంటతో అయిపోలేదు. వాడి పాదాలు నేలకి ఆనడం లేదని గమనించి కుర్చీ మార్పించారు, జారిపోవడం చాలావరకు తగ్గింది. పొడవు పెన్సిల్ బదులు పొట్టి ముక్క ఇచ్చారు. రాసే ముందు పుస్తకాల బుట్ట మోయించమని టీచర్‌కి చెప్పారు. కొన్నిసార్లు క్లాసులోనే పక్కన కూర్చునేవారు. బయట క్లినిక్‌లో చేసే థెరపీ వేరు, అక్కడ ఇన్సూరెన్స్ ఉంటుంది, లక్ష్యాలూ వేరుగా ఉంటాయి. స్కూల్లో చదువుకి, స్కూలు రోజుకి సంబంధించినవే చూస్తారు.

ఇదంతా ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో పెద్దలు అన్నారు. నేనూ కొన్నాళ్లు దాచాను. ఒక పుట్టినరోజు పార్టీలో ఉండబట్టలేక ఒక స్నేహితురాలికి చెబితే, "మా పాపకి రెండేళ్లుగా ఉంది" అంది చిన్న గొంతుతో. ఒకే వీధిలో ఉంటాం. రెండేళ్లు ఒంటరిగా మోసింది.

చలికాలంలో అమ్మ వచ్చింది. మనవడికి ముద్దలు పెట్టొద్దంటే మొదట చిన్నబుచ్చుకుంది. తర్వాత తనే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీయించింది, దూదితో వత్తులు చేయించింది, చపాతీ పిండి పిసికించింది. ఫోటోలు పంపితే థెరపిస్ట్ ఎంతో సంతోషపడ్డారు.

అప్పటిదాకా సులువుగా తెరుచుకునే ప్లాస్టిక్ డబ్బా పంపేదాన్ని. మార్చిలో మళ్లీ స్టీల్ డబ్బాలో పులిహోర పెట్టాను. సాయంత్రం డబ్బాలో నాలుగు మెతుకులే ఉన్నాయి, కానీ బ్యాగ్ అడుగునంతా పసుపు నూనె. తీయడం వచ్చింది గానీ మళ్లీ పెట్టడం రాలేదన్నమాట. ఇక మూత పెట్టడం నేర్పాలని ఆ రాత్రే ఆవిడకి మెయిల్ రాశాను.