బాధితుడని ఎవరు తేలుస్తారు?

నగరాల్లో అసమానతల మీద పనిచేసే ఓ సోషియాలజిస్టు ప్రసంగం విన్నాను, ఇంకా బుర్రలోంచి పోవట్లేదు. అమెరికాలో నేర బాధితులకు పరిహారమిచ్చే పథకం 1965లో కాలిఫోర్నియాలో మొదలైంది. 1984 చట్టంతో ఫెడరల్ నిధి వచ్చింది. అదీ పన్నుల సొమ్ము కాదు, ఎక్కువగా నేరస్తులు కట్టే జరిమానాలే. వినడానికి భలే ఉంది కదా!

అప్లికేషన్ దగ్గరే అసలు తిరకాసు. పోలీసులకు సహకరించారా? జరిగినదాంట్లో మీ తప్పేమైనా ఉందా? తూటా తగిలి మంచాన పడ్డ కుర్రాడు, పోలీసులంటేనే హడలిపోయే పేటలో పెరిగినవాడు, ఏమని రాస్తాడు? (ఆస్పత్రి బిల్లులు మాత్రం ఆగవు.) చాలా రాష్ట్రాల్లో, కొడుకు అంత్యక్రియల ఖర్చు కోసం తల్లి పెట్టుకున్న అర్జీని కూడా, పోయిన ఆ కొడుకు ప్రవర్తన సాకుగా చూపి కొట్టేయొచ్చట. నాకైతే ఒళ్లు మండింది.