నాటిన జుట్టు ఎన్నేళ్లు నిలుస్తుంది?

బెంగళూరులో జుట్టు ఊడితే మనవాళ్లు ముందు బోరు నీళ్లనే తిడతారు. ఉప్పు నీళ్లకి వెంట్రుక గరుకెక్కుతుంది గానీ, మగవాళ్ల బట్టతలకి అసలు కారణం డీహెచ్‌టీ హార్మోను. తల వెనక కుదుళ్లు దానికి అంతగా లొంగవు. అందుకే అక్కణ్ణుంచి తీసి నాటినవి చాలా ఏళ్లు నిలుస్తాయి, వయసుతో కాస్త పలచబడినా.

నాటిన 2 నుంచి 8 వారాల్లో ఆ వెంట్రుకలు రాలిపోతాయి. కంగారు పడకండి, కుదురు లోపలే ఉంటుంది. 3, 4 నెలలకి సన్నగా మొలుస్తాయి. పూర్తి ఫలితానికి 12 నెలలు, నడినెత్తిన ఇంకాస్త ఎక్కువ.

చిక్కంతా పాత జుట్టుతోనే. అది ఊడుతూ పోతే నాటిన ముందు వరస నిలబడి, దాని వెనక ఖాళీ పడుతుంది. జుట్టు ఊడటాన్ని తగ్గించే మందులు మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ సంగతి ఆపరేషన్‌కి ముందే డాక్టరుతో తేల్చుకోండి. 22 ఏళ్లకే ముందు జుట్టు గీతని నుదుటి మీదకి దించమని మాత్రం అడగొద్దు. తల వెనక నుంచి తీసిన కుదురు, తీసిన చోట మళ్లీ మొలవదు, అందుకే ఉన్నవాటిని పొదుపుగా వాడుకోవాలి.