ఆడిషన్‌లో గొంతు వణికితే: విజయనగరంలో నా అనుభవం

నిన్న విజయనగరంలో ఒక టీవీ పాటల పోటీకి ఆడిషన్ ఇచ్చి రాత్రి బండికి ఆమదాలవలస వచ్చేశాను. తరవాతి రౌండుకి తీసుకున్నారు. సంతోషంగానే ఉంది గానీ అక్కడ జరిగిన ఒక సంగతి మీద కోపం ఇంకా తగ్గలేదు, అది తగ్గకముందే రాసేద్దామని కూర్చున్నాను. నలుగురిలో పాడమంటే గొంతు వణికేవాళ్ళు, ముఖ్యంగా మన ఉత్తరాంధ్ర జిల్లాల పిల్లలు చదవాలి.

అప్లికేషన్ పెద్ద పనేం కాదు. ఫోన్‌లో వీడియో తీసి పంపాను, కొన్నాళ్ళకి రమ్మని మెసేజ్ వచ్చింది. ఆధార్ జిరాక్సు, ఫొటోలు, అంతే.

భయం మాత్రం చిన్నప్పట్నుంచీ ఉన్నదే. ఇంట్లో హాయిగా పాడతాను, ఎదురుగా నలుగురు కూర్చుంటే చాలు నోరెండిపోతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, ఎత్తుగడలోనే గొంతు వణుకుతుంది. "ధైర్యంగా పాడవే" అని అందరూ అంటారు, ఆ ధైర్యం ఎలా వస్తుందో మా సంగీతం మాస్టారు తప్ప ఎవరూ చెప్పలేదు. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, నోట్లో తడి ఆరిపోతుంది, మెడ బిగుసుకుని స్వరపేటిక పైకి లేస్తుంది, గాలి ఒకే ధారగా రాదు కాబట్టి స్వరం వణుకుతుంది, ఇదంతా శరీరం చేసే పని, నీ సంగీతానికి దీంతో సంబంధం లేదమ్మా అన్నారు. భయం పోయాక పాడదామని కూర్చుంటే ఎప్పటికీ పాడలేవు, భయం ఉండగానే పాడటం సాధన చెయ్యమన్నారు.

అలాగే చేశాను. మేడ మెట్లు గబగబా ఎక్కి దిగి, గుండె దడదడలాడుతుండగానే శ్రుతి చూసుకుని పల్లవి ఎత్తుకునేదాన్ని. మొదట్లో రెండో పాదానికే ఊపిరి చాలేది కాదు, పోనుపోనూ ఆయాసంలో కూడా ఊపిరి ఎక్కడ పీల్చాలో తెలిసిపోయింది. ఆడిషన్ గదిలో గుండె అలా కొట్టుకున్నప్పుడు అది నాకు తెలిసిన దడే అనిపించింది, అదే నన్ను సగం కాపాడింది. మా వీధి రామాలయంలో శనివారం భజనలో కూడా పాడాను. పిల్లలు పరిగెడుతుంటారు, ఎవరో గంట కొడతారు, ఒకాయన మధ్యలో ప్రసాదం పంచుతాడు. ఏం జరిగినా ఆపకూడదని పట్టు పట్టాను.

ఇంకొకటి స్ట్రా సాధన. బాటిల్లో రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి, స్ట్రా ముంచి, ఊ అని స్వరం పట్టుకుంటూ ఊదాలి. బుడగలు ఒకే తీరున వస్తే గాలి సమంగా వస్తున్నట్టు, ఆగి ఆగి గుబగుబమంటే ఎక్కడో బిగబడుతున్నట్టు. గొంతుకి శ్రమ లేకుండా వేడెక్కుతుంది, పక్కవాళ్ళకి పెద్దగా వినబడదు కూడా, క్యూలో నిలబడి చేసుకోవచ్చు. దాంతోపాటు ఊపిరి 4 లెక్కపెట్టి పీల్చి 8 లెక్కపెట్టి వదలడం. వదలడం పొడుగ్గా ఉంటే గుండె నెమ్మదిస్తుంది. పీల్చి పీల్చి ఛాతీ నింపుకుంటే టెన్షన్ ఇంకా పెరుగుతుంది, ఇది చాలామందికి తెలీదు.

పాట ఎంపిక కూడా సగం బలం. నా శ్రుతి, అంటే పాటకి ఆధారంగా పట్టుకునే స్వరం ఎత్తు, ఐదున్నర, ఆడిషన్‌కి ఐదుకి దించుకున్నాను. మొదటి పాదం మధ్య స్థాయిలోనే నడిచే లలిత గీతం తీసుకున్నాను, పై షడ్జమం, అంటే పై స, చరణంలో గానీ రాదు, అప్పటికి గొంతు కుదుటపడుతుంది. గొప్ప చూపించుకుందామని తార స్థాయిలో ఎత్తుకున్నవాళ్ళ గొంతులు తలుపు వెనక విరిగిపోవడం నిన్న బయటికి బాగా వినిపించింది.

పొద్దున్న ఏడింటికే ఫంక్షన్ హాలు దగ్గరికి వెళ్తే అప్పటికే క్యూ గేటు దాటేసింది, నా నంబరు రెండొందల పైమాట. నీడ లేదు, కూర్చోడానికి కుర్చీల్లేవు, చిన్నపిల్లల్ని తెచ్చిన తల్లులు అరుగు మీద పేపర్లు పరుచుకున్నారు. ఇంతమందిని పిలిచినవాళ్ళకి నీళ్ళ డ్రమ్ము పెట్టాలని తోచలేదు. నాలుగు ఇడ్లీలు, అరటిపండు, గోరువెచ్చటి నీళ్ళు తీసుకెళ్ళడం మంచిదైంది. వెళ్ళేవాళ్ళు కాఫీలూ టీలూ మానండి, అసలే దడ, దాని మీద అదొకటి.

క్యూలో ఒకబ్బాయి జేబులోంచి మాత్రలు తీసి "అక్కా, ఇది వేసుకుంటే చేతులు వణకవు" అన్నాడు. అట్ట మీద చూస్తే ప్రొప్రనొలాల్. అది గుండె వేగం తగ్గించే మందు, స్టేజి భయానికి డాక్టర్లు కొందరికి రాస్తారు, నిజమే. కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళు వేసుకుంటే ఊపిరి గొట్టాలు ముడుచుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. మా అప్ప నర్సు, ఆమె దగ్గర విన్నదే అతనికి చెప్పాను. ఎవరో ఇచ్చిన మాత్ర వేసుకుని పాడకండి. పాట కోసం అంత తెగింపు అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. మధ్యాహ్నం మూడు దాటాక లోపలికి పిలిచారు. తలుపు దగ్గర ఒకమ్మాయి ఫోన్లు లాక్కుని బుట్టలో వేసేస్తోంది. ఫోన్లోనే కదా శ్రుతి బాక్సు, అది లేకుండా ఎలా పాడతామండీ అంటే "అది మాకు సంబంధం లేదు, పదండి పదండి" అంది. లోపల బల్ల వెనక ముగ్గురు. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు, ఒకావిడ కాగితం మీద ఏదో రాసుకుంటోంది, మధ్యలో ఆయన బిస్కెట్లు తింటూ "పేరు, ఊరు" అన్నాడు. నాది ఆమదాలవలస దగ్గరండి, లలిత గీతం పాడతానండి అన్నాను. ఆయన పక్కాయన వైపు తిరిగి, మన యాసని సాగదీసి "ఏటీ, ఏటి పాడతావేటీ" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. కెమెరా పట్టుకున్న కుర్రాడు కూడా నవ్వాడు.

మోకాళ్ళలో సత్తువ పోయింది. చెవులు వేడెక్కాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయానికి సాధన చేశాను గానీ అవమానానికి ఏం సాధన చేస్తాం? ఆ కూర్చున్నాయన ఏ ఊళ్ళో కూర్చుని నవ్వుతున్నాడో చూడండి. 1919లో మహారాజావారి సంగీత కళాశాల పెట్టిన ఊరు ఇది. హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ఆ తరవాత వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల గారు ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి సంగీతం కోసం వెతుక్కుంటూ వచ్చింది ఈ ఊరికే. సుశీల గారు పుట్టిందే ఇక్కడ. ఆవిడ పాటల లెక్కకి 2016లో గిన్నిస్ రికార్డు ఇచ్చారు. ఇంట్లో మాట్లాడుకునే యాసకీ పాటలో ఉచ్చారణకీ తేడా మాకు తెలీదనుకునేవాళ్ళు న్యాయనిర్ణేతలుగా కూర్చోవడం తప్పు. ఇంకొకడి మాట వెక్కిరించి ఆ వెంటనే పాడమనడం అన్యాయం, పెద్దవాళ్ళు చెయ్యాల్సిన పని కాదు.

నేను జవాబు చెప్పలేదు. మాస్టారు ఇచ్చిన నోటితో ఊదే శ్రుతి పైపు బ్యాగులో ఉంది, తీశాను. "ఇక్కడ కచేరీ చేస్తావా?" అన్నాడు మధ్యాయన. "శ్రుతి లేకుండా పాడనండి" అన్నాను. ఊదాను. ఉన్న ఊపిరంతా ముందు బయటికి వదిలేశాను, అప్పుడు పీల్చితే గాలి దానంతటదే కిందికి దిగింది. మొదటి పాదం వణికింది, వణకనిచ్చాను. చూపు వాళ్ళ మొహాల మీద పెట్టలేదు, వెనక గోడ మీద సున్నం పెచ్చు లేచిన చోట పెట్టాను. రెండో పాదానికి కుదురుకుంది. పల్లవి అవ్వగానే ఆయన చెయ్యెత్తి "ఇది చాలు, రెండో చరణం నుంచి ఎత్తుకో" అన్నాడు. పల్లవి తలుచుకోకుండా చరణం ఎత్తుకోవడం ఎంత కష్టమో పాడేవాళ్ళకి తెలుస్తుంది. మళ్ళీ పైపు ఊది, పంచమం పట్టుకుని అక్కణ్ణుంచి ఎత్తుకున్నాను. పై షడ్జమం దగ్గర నిలబడ్డాను కూడా, అది మాత్రం గర్వంగానే చెప్తున్నాను. అప్పుడు ఫోన్ చూసుకునే ఆయన తలెత్తాడు. రాసుకుంటున్నావిడ "కింది స్వరాలు బాగున్నాయమ్మా" అని తరవాతి రౌండుకి పసుపురంగు స్లిప్పు చేతికిచ్చింది. మధ్యాయన ఏమీ అనలేదు.

తరవాతి రౌండు హైదరాబాదులో. వెళ్ళేవాళ్ళు మూడు పాటలు సిద్ధం చేసుకోండి, ప్రతి పాటా చరణం నుంచి కూడా ఎత్తుకోవడం సాధన చెయ్యండి, ఫోన్ మీద ఆధారపడకండి, శ్రుతి పైపు ఒకటి కొనుక్కోండి. నేను ఇవాళ సాయంత్రం నుంచే రెండో పాట చరణాల మీద కూర్చుంటున్నాను. పేరూ ఊరూ అడిగితే మళ్ళీ మన యాసలోనే చెప్తాను.