ఒక్క ముక్కలో చెప్పమంటే

వదిన ఇవాళ మళ్ళీ మొదలుపెట్టింది. "నువ్వు అందులోనే ఉన్నావు కదా, మావాడికి ఐటీ ఇంకా పనికొస్తుందా రాదా, ఒక్క ముక్కలో చెప్పు" అని. ఆ "మావాడు", అంటే నా మేనల్లుడు గారు, ఫోన్లోంచి తలెత్తకుండానే ప్రతి మాటా వింటున్నాడు. "ఒక్క ముక్కలో తేలేది కాదు వదినా" అన్నాను. ముఖం ముడుచుకుంది. ఇప్పుడు అందరూ పడుకున్నారు, ఆ ముక్కేదో నన్ను మాత్రం పడుకోనివ్వట్లేదు.

అసలు ఐటీ అంటే ఏది? ఆసుపత్రిలో ఉద్యోగం మంచిదా అని ఎవరైనా అడిగితే, సర్జనా, ల్యాబులో పరీక్షలు చేసేవాళ్ళా, బిల్లు కొట్టేవాళ్ళా అని ఎదురడుగుతాం. ఇక్కడ ఆ పాటి ఎదురు ప్రశ్న కూడా ఉండదు. డేటాబేస్ చూసేవాళ్ళు, నెట్‌వర్క్ వాళ్ళు, టెస్టింగ్ వాళ్ళు, రాత్రి షిఫ్టులో సపోర్ట్ టికెట్లు మూసేవాళ్ళు, అందరినీ ఒకే గాటన కట్టేస్తారు.

చిరాకు వదిన మీద కాదు. ఆవిడ చెవిలో రెండు వైపుల నుంచీ ఊదేవాళ్ళ మీద.

ఒక వైపు "ఆరు వారాల్లో ఫుల్‌స్టాక్" బాపతు, అంటే కంటికి కనిపించే పేజీ నుంచి వెనకున్న డేటాబేస్ దాకా అన్నీ ఆరు వారాల్లో నేర్పేస్తామనేవాళ్ళు. వాళ్ళ దగ్గర్నుంచి బయటికొచ్చే ప్రాజెక్టులన్నీ ఒకటే అచ్చు: ఒక లాగిన్ పేజీ, చేయాల్సిన పనుల జాబితా, వాతావరణం చూపించే యాప్. సొంత లాప్‌టాప్‌లో నడిచింది కాబట్టి పని అయిపోయినట్టే లెక్క. ఒక్క ప్రశ్న వేసి చూడండి. ఒకే సీటు మిగిలింది, ఇద్దరు ఒకే క్షణంలో బుక్ నొక్కారు, ఏమవుతుంది? కోడ్ ముందు "ఎన్ని సీట్లున్నాయి" అని చదువుతుంది, ఇద్దరికీ "ఒకటి" అనే వస్తుంది. ఇద్దరి తరఫునా సున్నా రాస్తుంది, ఇద్దరికీ టికెట్ వెళ్ళిపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో, అంటే ప్రోగ్రాం తను చేసిందంతా రాసుకునే చిట్టాలో, ఎర్ర గీత ఉండదు. ఎక్కేటప్పుడు గానీ తెలియదు. సరిచేయడం పెద్ద పనేం కాదు. చదివే వరుసకే తాళం వేయాలి, దానికి ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాబేస్‌తో మాట్లాడే భాషలో, సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ అనే కమాండ్ ఉంది. లేదా "సీట్లు సున్నా కంటే ఎక్కువ ఉంటేనే ఒకటి తగ్గించు" అని ఒకే వాక్యంగా పంపి, ఎన్ని వరుసలు మారాయో చూసుకోవాలి. సున్నా వరుసలు మారితే సీటు పోయినట్టే, రెండో మనిషికి ఆ మాట చెప్పాలి. రెండు లైన్ల మార్పు. కానీ ఆ ప్రశ్న తనకు తానే తట్టడానికి ఆరు వారాలు చాలవు. అది చెప్పకుండా "కోడింగ్ వస్తే చాలు" అంటారు చూడండి, అక్కడ మండుతుంది నాకు.

రెండో వైపు "ఏఐ వచ్చేసింది, ఇక దుకాణం కట్టేయడమే" అనేవాళ్ళు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి ఇదే పాట. పూర్తిగా అబద్ధమని అనను. నలుగురూ నాలుగు వందల సార్లు రాసిన కోడైతే అది నిమిషంలో రాసిపెడుతుంది, బాగానే రాస్తుంది. తేడా వచ్చే చోట్లు వేరు. లేని లైబ్రరీని (ఎవరో ముందే రాసిపెట్టిన, మనం తెచ్చి వాడుకునే కోడ్) ఉన్నట్టు చెబుతుంది. ఆ పేరుతో ఎవడో ఒకడు విషం కలిపిన ప్యాకేజీ పెట్టి కూర్చుంటే, చూడకుండా ఇన్‌స్టాల్ కొట్టినవాళ్ళ పని అంతే. ఇంకోటి, టెస్టులు రాయమంటే కోడ్ ఏం చేయాలో చూడకుండా, ఇప్పుడేం చేస్తుందో అదే సరైనదన్నట్టు రాసేస్తుంది. తప్పు కోడుకు తప్పు టెస్టు, అన్నీ పచ్చగా పాస్.

సాయంత్రం దాకా నా మనసులో ఉన్నది "వద్దులే" అనే. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే పాతబడిపోతుంది. 2020 జనవరి 1తో పైథాన్ భాష పాత వెర్షన్ పైథాన్ 2కు మద్దతు ఆగింది, ఆ ఏడాది డిసెంబరు 31తో బ్రౌజర్లలో బొమ్మలూ ఆటలూ ఆడించిన ఫ్లాష్ పోయింది, సరిగ్గా మరో ఏడాదికి వెబ్ పేజీలు కట్టే యాంగ్యులర్‌జేఎస్‌కు మద్దతు పోయింది. వాటి మీదే బతికినవాళ్ళంతా మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాల్సి వచ్చింది. దానికి తోడు ఆన్‌కాల్, అంటే వంతులవారీగా ఏ వేళైనా అలారానికి లేవాల్సిన డ్యూటీ. నిద్రలో అలారం మోగుతుంది, లేచి చూస్తే డిస్క్ ఎనభై శాతం దాటిందట. రేపు పొద్దున చూసుకున్నా మునిగిపోయేదేం లేదు. అలాంటివి పది మోగాక పదకొండోది నిజమైనదైనా చెయ్యి దానంతటదే ఆపేస్తుంది. అలారం హద్దులు సరిగ్గా పెట్టని టీములో ఎంత మంచి ఉద్యోగమైనా మనిషిని పిప్పి చేస్తుంది. ఈ మాట నియామకాల ప్రకటనల్లో ఎక్కడా ఉండదు.

ఇలా "వద్దు" వైపు లెక్కలు వేసుకుంటుంటే, ఎందుకో 2017 జనవరి 31 రాత్రి గుర్తొచ్చింది. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే వెబ్‌సైటు గిట్‌ల్యాబ్ వాళ్ళ సంగతి. వాళ్ళే పూసగుచ్చినట్టు రాసి బయటపెట్టారు కాబట్టి మా రంగంలో అందరికీ కంఠస్థం.

వాళ్ళకు డేటాబేస్ సర్వర్లు రెండు: అసలుది ఒకటి, దాన్ని చూసి నకలు రాసుకునేది ఇంకొకటి. ఆ రాత్రి లోడ్ పెరిగి నకలు వెనకబడిపోయింది. దాన్ని ఖాళీ చేసి మొదట్నుంచీ మళ్ళీ నకలు తీయాలని ఒక ఇంజనీరు డేటా ఫోల్డర్ తీసేసే కమాండ్ కొట్టాడు. నకలు సర్వర్లో కొడుతున్నాననుకున్నాడు, కొట్టింది అసలు సర్వర్లో. ఒకటి రెండు సెకన్లలోనే తెలిసి ఆపాడు. దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది.

పోతే పోయింది, బ్యాకప్ ఉందిగా అనుకుంటాం. అసలు కథ అక్కడే. రోజూ పీజీ డంప్ అనే పనిముట్టుతో డేటాబేస్ బ్యాకప్ తీసే ఏర్పాటు ఉంది. తీరా చూస్తే నిల్వ చేసే చోట ఏమీ లేదు. డేటాబేస్ నడిచేది పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్ 9.6 వెర్షన్ మీద, బ్యాకప్ తీసే పనిముట్టు 9.2ది. ఏ వెర్షన్ వాడాలో గిట్‌ల్యాబ్ ప్యాకేజీ డేటా ఫోల్డర్‌ను చూసి నిర్ణయించుకునేది. బ్యాకప్ నడిచేదేమో అప్లికేషన్ సర్వర్లో, అక్కడ డేటా ఫోల్డరే ఉండదు. అందుకని ముందే పెట్టిన 9.2 ఎంచుకుని, వెర్షన్లు కుదరక, ప్రతిసారీ ఎర్రరిచ్చి ఆగిపోయేది. మరి ఆ ఎర్రర్ మెయిల్ రావాలి కదా? పంపింది. మెయిల్ నిజంగా ఆ పేరున్నవాళ్ళే పంపారా అని సరిచూసే డీమార్క్ ఏర్పాటు ఆ మెయిళ్ళకు లేదని అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. అంటే బ్యాకప్ లేదు, లేదని చెప్పే మెయిలూ లేదు, ఎవరికీ అనుమానమూ రాలేదు.

చివరికి ఆదుకున్నది ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి డిస్క్ ఉన్నదున్నట్టు తీసిన నకలు. స్టేజింగ్ (అసలుదాన్ని ముట్టకుండా ప్రయోగాలు చేసుకునే సర్వర్) పని కోసమని అదే ఇంజనీరు ఆరు గంటల ముందు చేత్తో తీసి పెట్టుకున్నది. అది అలవాటు ప్రకారం తీసింది కూడా కాదు. నెమ్మది డిస్కుల మీద నుంచి కాపీ చేయడానికే గంటలు పట్టింది. ఆ పనంతా యూట్యూబ్‌లో లైవ్ పెట్టి మరీ చేశారు. ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు. ఆ ఇంజనీరును ఉద్యోగంలోంచి తీయలేదు. అది సరైన పని అనే నా ఉద్దేశం. తప్పు సర్వర్లో కమాండ్ కొట్టడం మానవ మాత్రులెవరైనా చేస్తారు. బ్యాకప్‌ను ఎవరూ తిరిగి ఎక్కించి చూడకపోవడం ఏర్పాటులో లోపం.

ఇది ఇంతసేపు ఎందుకు రాశానంటే, రాస్తుంటే నా "వద్దు" కాస్త కదిలింది. ఈ మొత్తం కథలో కోడ్ ఎవరు ఎంత వేగంగా రాశారన్న ప్రశ్నే లేదు. వెర్షన్ ఎక్కడ ఎంచుకుంటోంది, మెయిల్ ఎందుకు రాలేదు, నిల్వ చేసిన చోట నిజంగా ఫైలుందా, దాని సైజెంత: పనంతా ఇదే. ఏఐ రాసిపెట్టినా ఈ చూసుకోవడం ఎవరో ఒకరి నెత్తిన ఉంటుంది. ఇంకా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే రాసే వేగం పెరిగింది, చదివే వేగం పెరగలేదు.

పాతబడిపోతుందన్నానే, అదీ సగమే నిజం. పైపైన తేలేవి మారతాయి. ఎస్‌క్యూఎల్ 1970ల నాటిది, ఇప్పటికీ రోజూ అదే. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే టీసీపీ ఐపీ పద్ధతికి మారింది 1983 జనవరి 1న, ఈ టపా మీ దాకా వచ్చేదీ దాని మీదే. పాత కోడ్ అంత తేలిగ్గా చావదు కూడా. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడి 2038 జనవరి 19తో నిండిపోతుంది, అలాంటి గడులు ఏ మూల ఏ యంత్రంలో ఉన్నాయో వెతికే పని ఎవరో చేయాలి.

అయినా ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదట్లో ఇచ్చేవి చిన్న చిన్న పనులు. రిపోర్టులో ఒక కాలమ్ కలపడం, లాగ్ చదివి ఏమైందో చెప్పడం, టెస్టులు రాయడం. చెయ్యి తిరిగేది వాటితోనే. ఇప్పుడవే ముందుగా యంత్రానికి పోతున్నాయి. పెద్ద పనికి చూపున్న మనిషి కావాలంటారు, ఆ చూపొచ్చే మెట్లు మాత్రం తీసేస్తున్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. వదినకి చెప్పాల్సిన అసలు భయం ఇదే, ఏఐ అందరినీ మింగేస్తుందన్నది కాదు.

కాబట్టి మెట్లు సొంతంగా కట్టుకోవాలి. మేనల్లుడికి అవును, కాదు అని చెప్పను, పని చెబుతాను. పాత లాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించు. పోస్ట్‌గ్రెస్ పెట్టు. దానికో మామూలు యూజర్‌ను సృష్టించి, వాడి పేరు మీద ఒక టేబుల్ చేసి, లక్ష వరుసలు నింపు. పీజీ డంప్‌తో, పీజీ రీస్టోర్ తిరిగి ఎక్కించగల ఫార్మాట్‌లో, బ్యాకప్ తియ్యి. ఇప్పుడు అంతా చెరిపేసి, పోస్ట్‌గ్రెస్‌నే కొత్తగా ఎక్కించి, బ్యాకప్ వెనక్కి తెచ్చుకో. ఏఐని అడిగినా పర్లేదు.

ఏమవుతుందో నాకు తెలుసు. డేటా మొత్తం వచ్చేస్తుంది, ఎగిరి గంతేస్తాడు. పీజీ రీస్టోర్ చివర్లో కొన్ని ఎర్రర్లు పట్టించుకోలేదని ఒక లైను చెబుతుంది, అది చదవడు. తర్వాత ఆ మామూలు యూజర్‌తో లాగిన్ అవబోతే అలాంటి యూజరే లేడంటుంది. చేత్తో మళ్ళీ సృష్టించుకుని లోపలికెళ్ళినా, టేబుల్ ముట్టుకోవడానికి అనుమతి లేదంటుంది. యూజర్లు పీజీ డంప్‌లో రారు, పీజీ డంప్ ఆల్‌తో విడిగా తీసుకోవాలి. వాళ్ళు లేకపోయేసరికి టేబుల్ యాజమాన్యం ఎక్కించినవాడి పేరు మీదే ఉండిపోతుంది. అక్కడ విసుక్కుని లేచిపోతాడా, లాగ్ తెరిచి కూర్చుంటాడా, అది చూడాలి నాకు. ఆ లాగ్ ఏ ఫోల్డర్లో ఉంటుందో మాత్రం చెప్పను, వదిన ఎంత బతిమాలినా సరే.